స్వాగత జలం

ఒక పెద్ద అడవిలో, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, పైడమ్మ అనే కుందేలు తన బొరియ వాకిలి ఊడ్చుకుంటోంది. అడవిలో గడియారం లేదు. రాజుగారి గుహ ముందు నెమలి రోజూ ఆరింటికి కూస్తుంది. అది కూసి, ఎవరూ లేవలేదని గమనించి, ఇంకోసారి కూసేది ఆరూ పదికి.

ఆ రోజు వాకిట్లో ఊడవడానికి దుమ్ము లేదు. వాకిలి నిండా వానపాములు.

చచ్చినవి కావు. మట్టి మీద మెలికలు తిరుగుతున్నాయి. పైడమ్మ గడ్డిపరకతో ఒక్కొక్కదాన్నీ నీడలోకి నెట్టింది.

"తెల్లారీ తెల్లారకముందే పైకొచ్చి పడుంటే కాకులు ఊరుకుంటాయా? లోపలికి పోండయ్యా," అంది.

"లోపల ఉండగలిగితే పైకెందుకొస్తాం తల్లీ?" అన్నాడు ముసలి వానపాము. "కింద ఒళ్లు మండిపోతోంది. ఇంతకన్నా కాకి ముక్కు నయం. చల్లగా ఉంటుంది."

బొరియలోంచి పైడమ్మ మొగుడు సన్నాసి తల బయటపెట్టాడు. "పొద్దున్నే ఎవరితోనే ముచ్చట్లు? అవి పురుగులు. వాటికేం తెలుసు?"

"నీకు తెలిసిందేదో నువ్వు చెప్పు. నీ కాళ్లెందుకు పొక్కాయి?"

సన్నాసి తన కాళ్లు చూసుకుని, తల లోపలికి లాక్కున్నాడు.

వాళ్లుండే చోటును దిగువ బీడు అంటారు. దానికి ఎగువన, మెట్ట మీద, ఎలుగుబంటి భద్రయ్య గోళ్ల మెరుగు కార్ఖానా ఉంది. నల్లజీడి గింజలను రాతి తొట్లలో ఉడికించి, ఆ రసంతో భద్రయ్య మెరుగు తయారుచేస్తాడు. అది పూసుకుంటే గోళ్లు నల్లగా నిగనిగలాడతాయి. అడవిలో గోళ్లున్న ప్రతివాడూ అతని ఖాతాదారే. అందరికన్నా పెద్ద గోళ్లున్నవాడు పులి. ఆయనే రాజు.

తొట్లలో మిగిలిన నల్లనీళ్లు వాగులో పడి దిగువ బీడుకు చేరతాయి. నల్లజీడి రసం చుక్క పడితే ఒళ్లు పొక్కుతుందని అడవిలో పిల్లలకు కూడా తెలుసు. పెద్దలకు మాత్రం పరీక్షించి చెప్పాలి.

కిందటి కాన్పులో పైడమ్మకు మూడు పిల్లలు పుట్టాయి. వాటి పాదాలు పొక్కాయి, బొచ్చు ఊడింది. మూడూ నిలవలేదు. ఇప్పుడామె మళ్లీ చూలాలు. కాన్పు వేళకు మంచి నేల మీద ఉండాలన్నదొక్కటే ఆమె కోరిక.

లేచి వెళ్లిపోవచ్చు కదా అని అడగకండి. ఎవరికి కేటాయించిన నేల మీద వాళ్లే ఉండాలని అడవిలో చట్టం. నేల చెడిందని కొలువు ధ్రువీకరిస్తేనే వేరే చోటిస్తారు. ధ్రువీకరణ లేకుండా కదిలితే రాజుగారికి ఫలహారం.

"నేను కొలువుకు పోతున్నా," అంది పైడమ్మ.

"పులిని చూడ్డానికి కుందేలు నడిచి వెళ్లడం ఎక్కడైనా ఉందా?" అన్నాడు సన్నాసి బొరియలోంచి.

"కొలువు సమయంలో రాజుగారు తినరు. రూలుంది."

"కొలువు ముగిశాక?"

"ముగిసేలోపు పరిగెత్తుకొచ్చేస్తాను. కుందేలునే కదా."

*

రాజుగారు రాతి గద్దె మీద కూర్చుని కుడి పంజా గోళ్లు చూసుకుంటున్నారు. పక్కన కార్యదర్శి గవర్రాజు నిలబడి ఉన్నాడు. గవర్రాజు కొండముచ్చు. రాజుగారు ఏ చెట్టు వైపు చూస్తే ఆ చెట్టెక్కడం అతని ఉద్యోగం. ముందు వరసలో భద్రయ్య కూర్చున్నాడు. ప్రజల బాగోగులు వినే కొలువులో భద్రయ్యకు ముందు వరసలో చోటెందుకని ఎవరూ అడగలేదు. ఆ చోటు రాజుగారి గోళ్లకు దగ్గర.

పైడమ్మ తన గోడు చెప్పుకుంది.

"నల్లనీళ్ల మీద ఆరోపణ," అన్నాడు గవర్రాజు రాజుగారి చెవిలో.

రాజుగారు గోళ్ల మీంచి కళ్లెత్తలేదు. "భద్రయ్యా, ఏమంటావు?"

"నేనేమంటాను ప్రభూ! నేల అమ్మలాంటిది. అమ్మకు అన్యాయం చేస్తానా? పరీక్ష చేయించండి. నిపుణులున్నారు కదా."

నిపుణుడు ముందుకొచ్చాడు. అతను కొంగ శేషావతారం, నేలల తనిఖీ అధికారి. ఒకప్పుడు అడవి అంచున మనుషుల పొలాల్లో నాగళ్ల వెనక నడిచేవాడు. ఆ నడకను విదేశీ శిక్షణగా లెక్కకట్టి ఈ పదవి ఇచ్చారు.

"మనుషులు నేల బాగోగులు ఎలా తెలుసుకుంటారంటే," అన్నాడు శేషావతారం ఒంటికాలి మీద నిలబడి, "వానపాముల్ని బట్టి. అవి చర్మంతో ఊపిరి పీల్చే జాతి. మట్టిలో ఏ తేడా ఉన్నా ముందు వాటికే తెలుస్తుంది. అవి ఎక్కువగా ఉంటే మంచి నేల. లేకపోతే చెడ్డ నేల."

భద్రయ్య వెనక కాళ్లు ఒకదాని మీదొకటి వేసుకున్నవాడల్లా దించాడు.

"మరి మట్టిలో దాగున్నవాటిని లెక్కపెట్టడం ఎలా?" అన్నారు రాజుగారు.

"తవ్వాలి ప్రభూ."

"ఎవరు?"

కొలువంతా ఎవరి గోళ్లు వాళ్లు చూసుకున్నారు. మెరుగు పెట్టిన గోళ్లు. తవ్వితే పాడైపోతాయి.

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "తవ్వడం దేనికండీ? రాజావారు ఎక్కడికి వేంచేసినా అక్కడి ప్రాణులన్నీ బయటికొచ్చి వరసగా నిలబడి స్వాగతం చెప్పడం మన ఆచారం. రాజావారి పాదం నేల మీద పడ్డాక కూడా లోపల కూర్చునే ప్రాణి ఈ అడవిలో ఉంటుందా? ఎన్ని బయటికొస్తే అన్ని ఉన్నట్టు."

"భేష్," అన్నారు రాజుగారు.

శేషావతారం ఏదో అనబోయి, ఆగి, రెండో కాలు కూడా కింద పెట్టాడు. "శాస్త్రానికీ ఆచారానికీ ఇంత చక్కగా పొత్తు కుదరడం అరుదు," అన్నాడు.

భద్రయ్య మళ్లీ కాళ్లు పైకి వేసుకున్నాడు.

*

పరీక్ష ఎగువ బీడులో మొదలైంది. అక్కడ దుప్పులుంటాయి. గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. రాజుగారు పాదం మోపారు. దుప్పులన్నీ వరసకట్టి తలలు వంచాయి. నేలలోంచి రెండు వానపాములు తొంగిచూసి, చప్పుడేమిటో తెలిశాక మళ్లీ లోపలికి పోయాయి.

"రెండు," అన్నాడు శేషావతారం.

"రెండేనా?" రాజుగారి మీసం వణికింది.

తర్వాత రాజుగారి గుహ ముంగిలి. అక్కడ అయిదు వచ్చాయి. అందులో మూడు తప్పుదారిన వచ్చినట్టు కనిపించాయి.

ఆ తర్వాత భద్రయ్య పెరడు. అది కార్ఖానాకు వెనక, ఎగువన ఉంటుంది. నల్లనీళ్లు ముందు వైపు పల్లానికి పోతాయి గనుక అటు చుక్క కూడా రాదు. మట్టి నల్లగా, గుల్లగా ఉంది. అడుగు తీసి అడుగేస్తే పాదం దిగబడుతోంది. నేలంతా చిన్న చిన్న మట్టి ఉండలు, ఆవాలు గుప్పించి చల్లినట్టు.

"ఈ ఉండలేమిటి?" అన్నారు రాజుగారు.

అవి వానపాముల విసర్జన. శేషావతారానికి ఆ సంగతి తెలుసు. అడుగున ఎంత సంత ఉంటే పైన అన్ని ఉండలుంటాయని కూడా తెలుసు. కానీ పరీక్ష బయటికొచ్చినవాటిని లెక్కపెట్టడానికి. లోపలున్నవాటిని లెక్కపెట్టమని ఆదేశం లేదు.

"పారిశుద్ధ్య లోపం ప్రభూ," అన్నాడు.

రాజుగారు పాదం మోపారు. ఒక్క వానపామూ రాలేదు. రెండోసారి గట్టిగా మోపారు. పాదం దిగబడింది తప్ప ఫలితం లేదు.

"సున్నా," అన్నాడు శేషావతారం.

"క్షమించాలి ప్రభూ," అన్నాడు భద్రయ్య తలవంచుకుని. "నా నేలే చెడ్డది. ఏం చేస్తాం, ప్రాప్తం." అతని మొహంలో సిగ్గు చాలా బాగా కుదిరింది.

చివరికి దిగువ బీడు. రాజుగారు ఇంకా పాదం మోపనే లేదు. నాలుగడుగుల దూరంలో ఉండగానే నేల కదిలింది. వానపాములు ఒకదాని మీదొకటి ఎక్కి, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. ఎర్రగా, జీవంతో, వందలకొద్దీ.

రాజుగారి కళ్లు చెమర్చాయి. "నా ప్రజలు," అన్నారు. "కాళ్లు లేకపోయినా ఎలా పరిగెత్తుకొస్తున్నారో చూడు గవర్రాజూ."

"భక్తికి కాళ్లెందుకు ప్రభూ!"

"ప్రభూ," అంది పైడమ్మ. "అవి మీకోసం రాలేదు. కింద మంట భరించలేక వస్తున్నాయి. కావాలంటే వాటినే అడగండి."

"అడగవలసిందే," అన్నారు రాజుగారు దయగా. "వాంగ్మూలం తీసుకో శేషావతారం."

ముసలి వానపాము తల ఎత్తాడు. "అయ్యా, కింద మట్టంతా..."

శేషావతారం వంగాడు. టక్కుమని చప్పుడైంది. ముసలి వానపాము కనిపించలేదు.

"వాంగ్మూలం తీసుకున్నాను ప్రభూ," అన్నాడు శేషావతారం ముక్కు గడ్డికి తుడుచుకుంటూ. "చాలా సంతృప్తికరంగా ఉంది."

మిగతా సాక్షుల్లో ఓ ముప్పైమంది వాంగ్మూలాలు కూడా అతను అక్కడికక్కడే తీసుకున్నాడు.

మర్నాడు కాకి చెట్టుచెట్టుకూ తిరిగి దండోరా వేసింది. దిగువ బీడుకు ప్రథమ స్థానం. ఎగువ బీడుకు కింది నుంచి రెండో స్థానం. భద్రయ్య పెరడుకు అట్టడుగు స్థానం. పైడమ్మ అర్జీ కొట్టివేశారు. ఉత్తమమైన నేల మీద ఉంటూ ఫిర్యాదు చేసినందుకు మందలించి, ఉత్తమమైన నేల మీద ఉంటున్నందుకు అడవిమల్లెల దండ వేశారు.

పైడమ్మ దండ తెచ్చి బొరియ ముందు పడేసింది.

"పోనీలే," అన్నాడు సన్నాసి. "బహుమతైతే వచ్చింది కదా."

"పువ్వులు తిని చూడు. మల్లెలైనా బతికున్న నేలలో పూసినవేమో."

సన్నాసి తిన్నాడు. "బాగున్నాయే," అన్నాడు. పైడమ్మ కడుపులో పిల్లలు కదులుతున్నాయి.

*

ఎగువ బీడు దుప్పులు ఆ రోజంతా మేత ముట్టలేదు. పల్లపు కుందేళ్ల కన్నా తమ నేల తక్కువా? వాళ్ల పెద్ద, ముదురు కొమ్ముల దుప్పి వీరాస్వామి, నేరుగా భద్రయ్య దగ్గరికి వెళ్లాడు.

"భద్రయ్యగారూ, మీ కార్ఖానా నీళ్లు పోయే చోటే వానపాములు అంత ఉత్సాహంగా ఉన్నాయి. ఆ నీళ్లలో ఏదో బలం ఉంది. దాన్ని మీరు దిగువ బీడుకే పంపించి మాకు అన్యాయం చేస్తున్నారు."

భద్రయ్య వ్యాపారి. తను ఇన్నాళ్లూ పారబోస్తున్నది సరుకని అప్పుడే తెలిసింది. ఆ ఆశ్చర్యం దాచుకోవడానికి కొంచెంసేపు మూతి గోక్కున్నాడు.

"నిజమే వీరాస్వామీ. ఎవరూ గుర్తించరనుకున్నాను. నువ్వు గుర్తించావు. అది స్వాగత జలం."

ఆ పేరుతో నల్లనీళ్లు ఆనపకాయ బుర్రల్లో ఎగువ బీడుకు చేరాయి. పోసిన మర్నాడు పొద్దున రాజుగారు అటు వెళ్తే వానపాములు గుంపులుగా బయటికొచ్చాయి. దుప్పులు గంతులేశాయి. వారం తిరగకుండా దుప్పుల పిల్లలకు గిట్టల దగ్గర పొక్కులు లేచాయి. కొత్త బలం ఒంటికి పడుతున్నప్పుడు అలాగే ఉంటుందని భద్రయ్య చెప్పాడు.

తర్వాత అడవిపందులు అడిగాయి. ఆ తర్వాత ముళ్లపందులు, కణుజులు, కొండగొర్రెలు. కార్ఖానాలో మెరుగు కన్నా నల్లనీళ్లకే గిరాకీ పెరిగింది. కొన్నాళ్లకు భద్రయ్య మెరుగును పారబోసి నీళ్లు అమ్మే స్థితికి వచ్చాడు.

రాజుగారి ముంగిలికి వచ్చినవి అయిదే వానపాములన్న సంగతి రాజుగారు మర్చిపోలేదు. గవర్రాజు స్వయంగా దగ్గరుండి ముంగిలి అంతటా నాలుగు బుర్రలు పోయించాడు.

దాంతో రాజుగారి పాదాలు పొక్కాయి. ఆయన పాదం పూర్తిగా మోపకుండా, మునివేళ్ల మీద, ఎగిరెగిరి నడవడం మొదలుపెట్టారు. కొలువు దాన్ని రాజసం అనుకుంది. మర్నాటి నుంచి పొక్కులు లేనివాళ్లు కూడా ఎగిరెగిరి నడిచారు.

శేషావతారానికి గొంతు బొంగురుపోయింది. మింగిన వాంగ్మూలాలు లోపల మంట పెట్టాయి. అధికారి గొంతు అలాగే ఉండాలని అందరూ మెచ్చుకున్నారు. రెండో విడత తనిఖీలో అతను వానపాముల్ని లెక్కపెట్టాడు గానీ ఒక్కదాన్నీ ముట్టలేదు.

"తినడం లేదేమిటి సార్?" అంది పైడమ్మ.

"ఏకాదశి," అన్నాడతను.

"నిన్న కూడా ఏకాదశే అన్నారట."

"శాస్త్రజ్ఞుడితో పంచాంగం మాట్లాడకు," అని అతను ఎగిరిపోయాడు. ఎగురుతూ భద్రయ్య పెరడు మీదుగా వెళ్లి, అటూ ఇటూ చూసి, అక్కడ దిగాడు. మెత్తటి మట్టిలో ముక్కు పెట్టి చాలాసేపు తీయలేదు.

పైడమ్మ గట్టు మీంచి అంతా చూసింది. ఇంటికొచ్చి సన్నాసితో అంది: "అడవంతా నీళ్లు పోశాడు కదా భద్రయ్య. తన పెరట్లో ఎందుకు పోసుకోలేదు?"

"మర్చిపోయాడేమో."

"బెల్లం అమ్మేవాడు నాలిక మర్చిపోతాడా?"

*

అడవి నేలలన్నిటినీ ఉద్ధరించినందుకు భద్రయ్యకు సన్మానం ఏర్పాటైంది. కొలువు నిండిపోయింది. అందరూ ఎగిరెగిరి నడిచొచ్చి, కూర్చున్నాక పాదాలు గాలికి ఎత్తిపెట్టుకున్నారు. పైడమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది. అయినా వచ్చింది. సన్నాసి రాలేదు. ఇంటికి కాపలా ఉంటానన్నాడు.

రాజుగారు లేచి నిలబడి, వెంటనే కూర్చున్నారు.

"భద్రయ్యా! రెండో విడతలో అడవంతా వానపాముల స్వాగతాలే. ఒక్క చోట మాత్రం ఇప్పటికీ సున్నా. అది నీ పెరడు. అందరి నేలా బాగుచేసి నీ నేల మర్చిపోయావు. మేం మర్చిపోతామా? రేపు మా చేతుల మీదుగా నీ పెరటినిండా స్వాగత జలం పోయిస్తాం. పది బుర్రలు!"

కొలువు చప్పట్లు కొట్టింది. నెమ్మదిగా కొట్టింది, అరచేతులు పొక్కి ఉన్నాయి గనుక.

భద్రయ్య దండ మెడలో వేసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "వద్దు ప్రభూ."

"మొహమాటపడకు."

"మొహమాటం కాదు ప్రభూ. అక్కడ..." అతను అటూ ఇటూ చూశాడు. "అక్కడ మా పిల్లలు దుంపలు తవ్వుకు తింటాయి."

చప్పట్లు ఆగాయి. చెట్ల మీది కోతులు కూడా గోక్కోవడం మానేశాయి. దుప్పి వీరాస్వామి తన పిల్లల గిట్టల వైపు చూశాడు. చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. అడిగి తెచ్చుకున్నది అతనే.

ఇంకో క్షణం ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. కానీ గవర్రాజుకు ఆ క్షణం ఎంత ప్రమాదమో తెలుసు.

"ఎంత త్యాగం ప్రభూ!" అని అరిచాడు. "తన పిల్లలు చెడ్డ నేలలో దుంపలు తవ్వుకుంటున్నా సరే, స్వాగత జలం చుక్క కూడా వృథా కాకుండా ప్రజలకే దక్కాలంటున్నాడు!"

రాజుగారి మొహం విప్పారింది. "అదా సంగతి."

"అదే ప్రభూ," అన్నాడు భద్రయ్య ఊపిరి వదిలి. "తమరి దగ్గర దాచలేకపోయాను."

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. వాటి మధ్యలో ఒక నవ్వు వినిపించింది. పైడమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వు అయ్యేసరికి కళ్లనిండా నీళ్లు.

"నా పిల్లలు కూడా నేలలోనే పుడతాయి భద్రయ్యగారూ," అంది. "మూడింటిని అదే నేలలో పూడ్చాను. మీ పిల్లలకు పనికిరాని నీళ్లు నా పిల్లలకెలా పనికొచ్చాయి?"

"ఇది సన్మాన సభ," అన్నాడు గవర్రాజు.

"తెలుసయ్యా. సభలో ఒక్క కాలూ నేల మీద ఆనడం లేదు, చూస్తున్నాను. రాజావారూ, తమరి పాదాలు మండుతున్నాయి. మంట అని చెప్పుకోలేక నాట్యం చేస్తున్నారు. వానపాముకు మండితే బయటికొచ్చి చెప్పింది. ఆ పాటి బుద్ధి కూడా లేదు తమరికి. బుర్రంతా గోళ్లలో పెట్టుకున్న రాజు వానపాము కన్నా..." ఆమె ఆగింది. "వానపామును ఎందుకులే అవమానించడం."

రాజుగారి గర్జనకు ఆకులు రాలాయి.

"చంపండి!"

"కొలువు నడుస్తోంది ప్రభూ," అని గవర్రాజు గుర్తుచేశాడు. "పైగా చంపితే ఒక్క పూటతో అయిపోతుంది. బదిలీ చేస్తే జన్మంతా తలుచుకుంటుంది."

రాజుగారు ఆలోచించారు. కార్యాలయం నడిపినవాడికే తెలిసే కిటుకు అది. "ఎక్కడికి?"

"అడవిలోకెల్లా చెడ్డ నేలకు. పిల్లాపాపలతో సహా. మళ్లీ కదలడానికి వీల్లేకుండా."

"ఏది అడవిలోకెల్లా చెడ్డ నేల?"

అందరూ శేషావతారం వైపు చూశారు. శేషావతారం భద్రయ్య వైపు చూశాడు. భద్రయ్య వద్దని కళ్లతో, చెవులతో, ముక్కుతో సైగ చేశాడు. కానీ రెండు విడతల ఫలితాన్ని కాకి అడవంతా చాటేసింది. అధికారిగా అతనే సంతకంలాంటి బొంగురు గొంతుతో ధ్రువీకరించాడు. ఇప్పుడు కాదంటే రెండు పరీక్షలూ కాదన్నట్టే.

"భద్రయ్యగారి పెరడు ప్రభూ," అన్నాడు. "సున్నా."

"అది మా పెరడండీ!" అన్నాడు భద్రయ్య లేచి.

"నీ త్యాగానికి ఇదొక తోడు," అన్నారు రాజుగారు. "ఇక నుంచి మా శిక్షలకు నీ పెరడే స్థలం. దండ సరిగా వేసుకో."

*

పైడమ్మ, సన్నాసి ఆ సాయంత్రమే కదిలారు. కాకులు రెండు వైపులా ఎగురుతూ వెంట వచ్చాయి. దారి పొడుగునా జంతువులు జాలిగా చూశాయి. సన్నాసి ఏడుపు మొహం పెట్టాడు.

"నోరు అదుపులో పెట్టుకోమన్నానా? చూడు ఎక్కడికి తెచ్చావో."

"నడు."

పెరట్లో భద్రయ్య పిల్లలు రెండు దుంపలు తవ్వుకుంటున్నాయి. అవి కుందేళ్లను చూసి, కాస్త జరిగి, మళ్లీ పనిలో పడ్డాయి. పైడమ్మ ముందు కాళ్లతో మట్టి గీరింది. మట్టి విడిపోయింది. ఇంకాస్త గీరింది. చల్లటి తడి వాసన వచ్చింది.

"నెమ్మదిగా తవ్వమ్మా," అన్న మాట లోపలి నుంచి వినిపించింది. "మేమున్నాం."

పైడమ్మ చెవి ఒగ్గింది. మట్టి అడుగున ఎక్కడ చూసినా కదలిక.

"ఇంతమంది ఉన్నారే! మరి రాజుగారు వచ్చినప్పుడు ఒక్కరూ బయటికి రాలేదేం?"

"ఎందుకు రావాలి?" అంది లోపలి గొంతు, నిజంగా అర్థం కానట్టు. "మాకిక్కడ ఏం లోటు?"

రెండో రోజు పైడమ్మ నాలుగు పిల్లల్ని కంది. నాలుగింటికీ ఒంటినిండా బొచ్చుంది. పాదాలు గులాబీ రంగులో ఉన్నాయి. సన్నాసి వాటి పాదాల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, బయటికెళ్లి కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత, "రాజుగారిని నువ్వింకో రెండు మాటలు అనుండాల్సింది," అన్నాడు.

ఆ నాలుగు పిల్లలూ బతికాయన్న వార్త అడవిలో పాకింది. వార్తను ఎవరూ దండోరా వేయలేదు. అందుకే అందరూ నమ్మారు.

ఆ తర్వాత కొలువులో ఒక చిత్రం మొదలైంది. దుప్పి వీరాస్వామి ఏ కారణమూ లేకుండా లేచి, రాజుగారిని చారల పిల్లి అన్నాడు. చెంపలు వాయించుకోబోయి, గుర్తొచ్చి, ఇంకోసారి అన్నాడు. అతన్ని సకుటుంబంగా భద్రయ్య పెరడుకు బదిలీ చేశారు. మర్నాడు ముళ్లపంది. ఆ మర్నాడు కణుజుల గుంపంతా ఒకేసారి, కోరస్‌గా. శేషావతారం ఉద్యోగ మర్యాద పాటించి, రాజుగారి జ్ఞానం మీద తనకు సందేహాలున్నాయని బొంగురు గొంతుతో మనవి చేసుకున్నాడు. అంత మర్యాదగా అంటే శిక్ష పడదేమోనని చివర్లో "వెధవ" అని చేర్చాడు.

పెరట్లో నిలబడడానికి చోటు లేదు. భద్రయ్య పిల్లలకు దుంపలు మిగలడం లేదు. భద్రయ్య కొలువుకు వెళ్లి, ఆ పెరడు నిజానికి చాలా మంచి నేల అని మొరపెట్టుకున్నాడు. రాజుగారు వినలేదు. రెండు పరీక్షల ఫలితాన్ని ధిక్కరించినందుకు అతన్ని దిగువ బీడుకు, ఉత్తమ నేల మీద నివాసానికి, సగౌరవంగా పంపించారు.

కొన్నాళ్ల తర్వాత తెలిసిన సంగతి ఇది. ఒక సాయంత్రం రాజుగారు పాదాలు కార్ఖానాకు ఎగువన వాగులో ముంచుకుని కూర్చుని, రాజు తనను తానే తిట్టుకుంటే చట్టప్రకారం ఏ శిక్ష పడుతుందో కనుక్కు రమ్మని గవర్రాజుకు కబురు పంపారట. గవర్రాజు దొరకలేదు. ఆ ఉదయమే రాజుగారి చాటున ఆయన్ని దద్దమ్మ అని, తనను తానే బదిలీ చేసుకుని వెళ్లిపోయాడు.

నీతి: రాజు కనబడగానే ప్రజలు ఎగబడి బయటికొచ్చే చోట ఎన్నడూ బొరియ తవ్వకు.